మెట్ల నాచు

ఆ ఏడు వానలకి ఇంకా రెండు నెలలు ఉన్నాయనగా మా ముందుగది అద్దెకిచ్చాం. వచ్చినావిడకి ముప్పై ఏళ్ళుంటాయేమో. అడవుల మీద ఏదో పరిశోధన చేస్తోందని మా ఆయన చెప్పారు. బండిలోంచి దింపిన సామాను నేను వరసగా చూశాను. ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, గొడుగు, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, పద్దెనిమిది గాజు సీసాలు. ప్రతి సీసాలోనూ ఆకుపచ్చటి కుచ్చు లాంటిది ఒకటుంది.

మా అత్తగారు ఒక సీసా అందుకుని వెలుగుకి పట్టి చూశారు.

"ఇదేంటమ్మా, ఏదైనా మందా?"

"నాచండీ. అడవిలో నేల మీద పరుచుకునేది."

"నాచా! మా స్నానాలగది గోడ నిండా ఉంది కదే. ముందే చెప్పుంటే ఆ గోడ నీకే ఇచ్చేద్దుం."

సాయంత్రానికల్లా ఆమె పేరు నాచమ్మ అయిపోయింది. పిలిస్తే పలికింది కూడా. "మా ప్రొఫెసరు ఆరేళ్ళలో ఇంత మంచి పేరు పెట్టలేకపోయాడు పిన్నీ," అని అత్తగారితో అంటూ పకపకా నవ్వింది.

నవ్వనిది మామగారొక్కరే. ఆయన సీసాలకేసి ఓసారి చూసి, "నాచుకి చదువెందుకమ్మా. దానికి కావలసింది బ్రష్షు," అనేసి లోపలికి వెళ్ళిపోయారు.

మామగారిది ఊరి నీళ్ళ సరఫరాలో ఉద్యోగం. ఊరికి ఎగువన, కొండవాలు మీద అడవి మొదలయ్యేచోట ఒక ఊట ఉంది. దాని మీద రాతిగది కట్టి, అందులో తొట్టిలోకి నీళ్ళు పట్టి, గొట్టాల్లోంచి ఊళ్ళోకి వదులుతారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఊటగది తాళంచెవి మామగారి జేబులోనే ఉంది. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతారు. శుభ్రమంటే ఆయనకి ప్రాణం. ఇంట్లో గ్లాసు బోర్లిస్తే అంచు కింద వేలు పెట్టి తడి ఉందేమో చూసేవారు. కాపురానికి వచ్చిన కొత్తలో అది నాకు నసగా ఉండేది. నాలుగేళ్ళు తిరిగేసరికి నేనూ వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాను.

నాచమ్మ వచ్చిన పది రోజులకి ఆఫీసు నుంచి మామగారికి కాగితం వచ్చింది. కొన్నేళ్ళుగా వానాకాలంలో ఊట నీళ్ళు బురదగా వస్తున్నాయి, ఏటికేడు ఎక్కువవుతోంది. ఈసారి వానలు పడ్డాక ఇంజినీరు స్వయంగా వచ్చి చూస్తాడు, అప్పటికీ అలాగే ఉంటే ఊట మూసేసి, దిగువ నది నుంచి నీళ్ళు తెప్పిస్తారు. అదీ సంగతి. మామగారు కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ పూట భోజనం దగ్గర ఎవరూ గట్టిగా నమలను కూడా లేదు. ఆ ఊట మూసేస్తే ఆయన ముప్పై ఒక్క ఏళ్ళ బతుక్కి తాళం పడ్డట్టేనని మా అందరికీ తెలుసు.

చేయి కడుక్కుంటూ అన్నారు. "ఈసారి ఇంకో ముప్పై అడుగులు పైదాకా గీకిస్తాను. మట్టి ఎలా వస్తుందో చూస్తాను."

ఊటగదికి పైనున్న వాలుని ఆయన ఏటా వానలకి ముందు గీకించేవారు. నాచు, రాలిన ఆకు, పుచ్చిన పుల్లలు అన్నీ తీయించి, నేల కనబడేదాకా చీపుళ్ళతో ఊడిపించేవారు. మురికి తొట్టిలోకి దిగకూడదని. మొదట్లో గది చుట్టూ పది అడుగులే చేయించేవారట. నీళ్ళు మురికిగా వచ్చిన ప్రతి ఏడూ, ఇంకా పైనుంచి దిగుతోంది కాబోలని ఇంకాస్త పైకి వెళ్ళేవారు.

మర్నాడు ఆయనకి క్యారేజీ పట్టుకుని నేను ఊటగదికి వెళ్ళాను. నాచమ్మ కూడా వస్తానంది. వాలు మీద నలుగురు కూలీలు పారలతో గీకుతున్నారు. ఒక్కొక్క పార దెబ్బకి ఆకుపచ్చ తివాచీ చాప చుట్టినట్టు చుట్టుకుని వస్తోంది. కింద ఎర్రటి నేల బయటపడుతోంది. ఇంట్లో గచ్చు కడిగాక ఎలా ఉంటుందో అలా ఉందని నాకు ముచ్చటేసింది కూడా. మామగారి కోడల్ని కదా.

నాచమ్మ మాత్రం బొమ్మలా నిలబడిపోయింది. తర్వాత గీకినచోటికి పైన, ఇంకా గీకనిచోట, మోకాళ్ళ మీద కూర్చుంది.

"వదినా, ఇలా రా. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. వేళ్ళు మొదళ్ళ దాకా దిగబడ్డాయి. వానలు లేక రెండు నెలలైంది, అయినా అడుగున చల్లగా, చెమ్మగా ఉంది. ఆమె ఒక పోగుని జాగ్రత్తగా విడదీసి అరచేతిలో పరిచింది. ఎర్రటి సన్నటి కాడ. దాని మీద పక్షి ఈకలా విచ్చుకున్న చిన్న రెమ్మ. ఆ రెమ్మ వీపు మీంచి ఇంకో కాడ లేచి, దాని పైన ఇంకో ఈక. మెట్ల మీద మెట్లు కట్టినట్టు.

"ఏడాదికి ఒక్క మెట్టే కడుతుంది ఇది. పాత మెట్టు మీద కొత్త మెట్టు. లెక్కపెట్టు."

పైన మూడు పచ్చగా ఉన్నాయి. ఆ కింద రంగు తగ్గుతూ గోధుమరంగులోకి దిగింది. నేను పదకొండు లెక్కపెట్టాను. అంతకి కిందవి మట్టిలో కలిసిపోయి చేతికి అందలేదు.

"పదకొండేళ్ళు స్నానం లేదన్నమాట," అన్నారు మామగారు వెనకనుంచి. ఎప్పుడు వచ్చారో చూడలేదు.

"దీనికి వానే స్నానం బాబాయిగారూ. వేళ్ళు లేవు దీనికి, తాగడమంతా ఒంటితోనే. వాన చినుకు నేలకి తగలకుండా ముందు ఇది పట్టుకుంటుంది. పట్టుకుని మెల్లిగా కిందికి వదులుతుంది."

"ఊటలోకి మురికి కూడా మెల్లిగా వదులుతుందా?"

కూలీలు నవ్వారు. నాచమ్మ ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

దారిలో అడిగాను, ఏం చెప్పబోయావని. "ఆ వాలు గీకడం వల్లే మట్టి వస్తోందని నా అనుమానం వదినా. కప్పు తీసేసిన ఇంట్లోకి వాన పడదా మరి? కానీ నేనొచ్చి నెల కూడా కాలేదు. ఒక్క ఏడు చూసి చెబితే ఆయనే కాదు, ఎవరూ నమ్మరు."

నేను డిగ్రీలో వృక్షశాస్త్రమే చదివాను. మా పుస్తకంలో నాచులకి ఒకటిన్నర పేజీ ఉండేది, అందులో సగం బొమ్మ. పరీక్షలో ఆ బొమ్మ వేసి నాలుగు మార్కులు తెచ్చుకున్నాను గాని, దాన్ని ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదు. ఆ రోజు గీకి కుప్ప పోసినచోట నుంచి ఒక గుప్పెడు తెచ్చి వంటింటి కిటికీలో ఆరబెట్టాను. వారానికి అది గడ్డిపోచల్లా ముడుచుకుపోయింది. వేలితో నలిపితే గలగలమంది. కాటా మీద పెడితే ముప్పై గ్రాములు. గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేశాను.

నేను చూస్తుండగానే కదిలింది. ముడుచుకున్న ఒక్కొక్క ఈకా తెరుచుకుని, రంగు తిరిగి, పది నిమిషాలు గడిచేసరికి అడవిలో చూసినట్టే ఉంది. ఎండిపోతే చచ్చిపోదట. ఆగుతుందట అంతే, మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా. జల్లెడలో వేసి, చుక్క కారడం ఆగేదాకా ఉంచి, మళ్ళీ తూచాను. మూడు వందల నలభై. నమ్మలేక కాటా తుడిచి ఇంకోసారి తూచాను.

"పిండి తూచే కాటా మీద ఆ కసవేంటే?" అన్నారు అత్తగారు.

"కసవు కాదత్తయ్యా. ఇదిగో చూడండి, తన బరువుకి పదింతలు నీళ్ళు పట్టి కూర్చుంది."

ఆవిడ వంగి చూశారు. "అంత తాగీ ఎక్కడా ఒలకబొయ్యలేదు. మీ ఆయన గ్లాసుడు తాగితే సగం చొక్కా తడుస్తుంది."

నాచమ్మ ఆ రోజు నుంచి నాకు రోజుకొకటి చెప్పేది. దాని ఆకుల మధ్య కంటికి కనబడని జీవులు కొన్ని కాపురముంటాయని, అవి గాలిలోంచి నత్రజని పట్టి ఇస్తాయని, అది మెల్లిగా చెట్లకి చేరుతుందని. వేసవిలో నేల వేడెక్కకుండా, చలికాలంలో మరీ చల్లబడకుండా కాపాడేది కూడా ఇదేనని. పువ్వు లేదు, కాయ లేదు, జానెడు ఎత్తు లేదు. ఇంత పని చేస్తూ, ఎవరి కంటా పడకుండా ఏడాదికొక మెట్టు కట్టుకుంటూ పోతుంది. నాకు దాని మీద గౌరవం లాంటిది ఏర్పడింది. చీపురు పట్టుకున్నప్పుడల్లా చేయి ఒక్క క్షణం ఆగేది.

వానలు వచ్చాయి. మూడో రోజుకల్లా ఊళ్ళో కుళాయిల్లోంచి టీ రంగు నీళ్ళు దిగాయి. పక్కింటావిడ బిందె పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి, "పాలు పోస్తే చాలు, పొయ్యి కూడా అక్కర్లేదు," అంది. మామగారు లోపలి గదిలోనే ఉన్నారు. విన్నారని నాకు తెలుసు. గొడుగు తీసుకుని మళ్ళీ ఊటగదికి వెళ్ళిపోయారు. ఆ వారం ఆయన మూడు పూటలూ అక్కడే. తొట్టి ఎన్నిసార్లు కడిగించినా మళ్ళీ గంటలో అడుగున ఎర్రటి బురద పేరుకునేది. వచ్చే వారమే ఇంజినీరు రాక.

మా పడగ్గది అలమరాలో, దుప్పట్ల కింద, ముప్పై ఒక్క నోటు పుస్తకాలుంటాయి. మామగారు రోజూ పొద్దున ఊట నీళ్ళు పరీక్ష చేసి రాసుకున్నవి. అడుగున నల్ల గుర్తున్న గాజు గొట్టంలో నీళ్ళు పోస్తూ పైనుంచి చూస్తే, ఎన్ని అంగుళాల దగ్గర ఆ గుర్తు మాయమవుతుందో అంత తేట అన్నమాట. ఆఫీసువాళ్ళు ఏడాదికొకసారి ఒక అంకె అడిగేవారు. ఆయన మూడు వందల అరవై అయిదు రాసి పెట్టుకునేవారు. వాలు ఎప్పుడు, ఎంత పైదాకా గీకించారో కూడా అందులోనే.

ఆ పుస్తకాలు తీయాలా వద్దా అని నేను రెండు రోజులు ఆలోచించాను. నాచమ్మ అనుమానం తప్పయితే ఊట పోతుంది. ఒప్పయితే మామగారి పేరు పోతుంది. మూడో రోజు, అందరూ బయటికి వెళ్ళాక, తలుపేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నానికి పట్టిక తయారైంది. ఏడు, ఎన్ని అడుగులు గీకారు, మొదటి పెద్దవాన మర్నాడు ఎన్ని అంగుళాల తేట. పది అడుగులు గీకిన ఏడు ముప్పై అంగుళాలు, అంటే గొట్టం నిండినా గుర్తు కనబడింది. నలభై అడుగులకి ఇరవై నాలుగు. తొంభైకి పదిహేడు. మధ్యలో ఒక ఏడు మామగారికి కాలు విరిగి వాలు గీకించలేదు. రాలిన ఆకు నేల మీదే ఉండిపోయింది. ఆ ఏడు నీళ్ళు తేటబడ్డాయి. కోలుకున్నాక ఆయన రెట్టింపు గీకించారు.

ఆ రెట్టింపు గీకించిన ఏడు ఊళ్ళో పిల్లలందరికీ విరేచనాలు పట్టుకున్నాయి. బడి పది రోజులు మూసేశారు. ఆ పుస్తకం తెరిచి, ఆ అంకె చూసి, మూసేశాను. ఆ ఏడు పట్టికలో రాయలేదు. అంకెలతో నేనెప్పుడూ అలా చేసి ఎరగను. ముప్పై వరసలు సరిపోవూ, ఒకటి లేకపోతే ఏం, అని నాకు నేనే చెప్పుకున్నాను.

పుస్తకాలు అలమరాలో సర్ది, పట్టిక కాగితం వంటింటి బల్ల మీద పెట్టి, టీ పెట్టుకోవడానికి లేచాను. పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసేసరికి మామగారు బల్ల దగ్గర ఉన్నారు. తడిసిన చొక్కా మార్చుకోవడానికి వచ్చినట్టున్నారు. కళ్ళజోడు తుడుచుకుని, నా కాగితం మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి ఒక్కొక్క వరసా చూస్తున్నారు. టీ పొంగి పొయ్యి మీద పడింది. నేను కదలలేదు.

ఆయన వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఒక ఏడు పోయిందమ్మాయ్."

నేను పొయ్యి కట్టేశాను.

జేబులోంచి పెన్ను తీశారు. రెండు వరసల మధ్య ఇరుకు జాగాలో, తన గుండ్రటి దస్తూరీతో, పుస్తకం చూడకుండానే రాశారు. నూట అరవై అడుగులు. ఆరు అంగుళాలు.

పెన్ను మూత పెట్టి, "పొయ్యి తుడు, ఎండితే పోదు," అని చొక్కా మార్చుకోవడానికి వెళ్ళారు.

ఇంజినీరు వచ్చిన రోజు వాన తెరిపిచ్చింది. నాచమ్మ ఏమైనా చెప్పాల్సి వస్తుందేమోనని మామగారే మా ఇద్దర్నీ రమ్మన్నారు. ఇంజినీరుకి నా వయసే ఉంటుంది. తొట్టిలోకి టార్చి వేసి చూసి పెదవి విరిచాడు.

"సారీ పెద్దాయనా. ఊట చెడిపోయింది. మూసేయక తప్పదు."

"ఊట చెడిపోలేదండీ," అన్నారు మామగారు. "ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి."

స్టూలు తుడిచి వేశారు. నా కాగితం విప్పి, నిలబడే చదివారు. స్కూల్లో పిల్లలకి ఎక్కాలు చెప్పినట్టు, ఏడు, అడుగులు, అంగుళాలు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. ఆరు అంగుళాల దగ్గరికి వచ్చినప్పుడు "ఈ ఏడే బడి మూశారు" అని కూడా చేర్చారు, కాగితంలో లేకపోయినా. చదవడం అయ్యాక వాలు పైకి తీసుకెళ్ళారు. గీకినచోట వాన నేలని వేలితో గీతలు గీసినట్టు కోసేసింది. ఆ గీతలన్నీ కలిసి కాలువై ఊటగది వెనక్కి దిగుతున్నాయి. పైన, నాచు ఉన్నచోట, నీళ్ళు పారిన ఆనవాలే లేదు. మామగారు ఒంగి, ఆ నాచుని రెండు చేతులతో మెల్లిగా నొక్కారు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు వచ్చాయి. అద్దంలా ఉన్నాయి.

"నేను చూడాల్సింది ఇదండీ. ముప్పై ఒక్క ఏళ్ళూ కింద తొట్టిలోకే చూశాను."

ఇంజినీరు మామగారి చేతిలోని కాగితంకేసి చూశాడు. "అంటే, ఇదంతా మీరే..."

"నేనేనండీ. కూలీలు నేను చెప్పిందే చేశారు. వాళ్ళనేం అనకండి."

"మీరు ఇవాళ ఈ కాగితం చూపించకపోతే నాకు తెలిసేది కాదు. హాయిగా రిటైరయ్యేవారు."

"ఊట పోయేదండీ."

ఇంజినీరు నాచమ్మని ఓ గంటసేపు ప్రశ్నలడిగాడు. నోటు పుస్తకాలు చూస్తానన్నాడు. ఊట మూసే సంగతి ప్రస్తుతానికి ఆపుతున్నట్టు రాస్తానని, వాలు మీదికి ఎవరూ వెళ్ళకుండా కంచె వేయిస్తానని చెప్పాడు. చివర్లో నేల చూపులు చూస్తూ, "చార్జి మాత్రం వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది, పైవాళ్ళకి జవాబు చెప్పాలి నేను," అన్నాడు.

"ఇవ్వాలండీ," అన్నారు మామగారు. తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు. "తలుపు కాస్త పైకెత్తి తిప్పాలి. లేకపోతే పట్టేస్తుంది."

ఇంటికొచ్చి సంగతంతా చెబితే అత్తగారు చాలాసేపు ఆయన మొహంలోకే చూశారు. తర్వాత నీళ్ళ గ్లాసు అందిస్తూ, "ముప్పై ఏళ్ళుగా నన్నూ, ఈ ఇంటినీ ఇలాగే గీకించారు. మేమూ కాస్త పచ్చబడతాం లెండి ఇక," అన్నారు. మామగారు నవ్వారు. ఆ రోజు గ్లాసు బోర్లించి, అంచు చూడకుండా వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా నాచమ్మ ఒక కబురు తెచ్చింది. అడవి అవతలి వైపు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అక్కడ తీసి పారేస్తున్నది ఇదే నాచు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, బోడినేల మీద చల్లి, పైన గోనెపట్టా కప్పి కదలకుండా పుల్లలు గుచ్చితే, కొంత నాటుకుంటుంది. మిగతా జాగా అదే మెల్లిగా అల్లుకుంటుంది. ఆఫీసు వాళ్ళు సరేనన్నారు. మర్నాడు పొద్దున్నే మామగారు పాత చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు, ఉద్యోగానికి బయల్దేరినట్టే, అదే టైముకి.

ముగ్గురం వాలు ఎక్కాం. గోనెసంచుల్లో నాచు బరువుగా, చల్లగా ఉంది. కింద ఊటగదిలో కొత్త మనిషి తలుపుతో కుస్తీ పడుతున్నాడు. మామగారు అటు చూడలేదు. గీకిన నేలంతా, కింద గది దగ్గర నుంచి పైన అడవి అంచుదాకా ఒకసారి తేరిపార చూశారు.

"ఇదంతా మళ్ళీ పైన ఉన్నంత మందం కావాలంటే ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

నాచమ్మ నావైపు చూసింది. అబద్ధం చెప్పనా అన్నట్టు. నేను కళ్ళతోనే వద్దన్నాను.

"ఇరవై ఏళ్ళు బాబాయిగారూ. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

ఆయన తలూపారు, బస్సు ఎన్నింటికో చెబితే విన్నట్టు.

"ఎండ ఎటు నుంచి ఎక్కువ పడుతుంది ఇక్కడ?"

ఆమె చేత్తో చూపించింది.

"అయితే ముందు ఆ మూల కప్పాలి," అని, మోకాలు పట్టుకుని మెల్లిగా నేల మీదికి వంగి, చేయి చాపారు. నేను మొదటి గుప్పెడు అందించాను.